కొండలో దారి తీసే కొలువులు

ఒడిశా కోరాపుట్ జిల్లాలోని పొట్టంగికి రైలు లేదు. ఆంధ్రా వైపు నుంచైతే సాలూరులో బయలుదేరి సుంకి ఘాట్ ఎక్కే బస్సులే ఆ ఊరికి దారి. రైలు కావాలంటే దమన్‌జోడికో, కోరాపుట్‌కో వెళ్లాలి. ఎక్కాక మాత్రం చేతివేళ్లు చాలనన్ని సొరంగాలు వస్తాయి. కొత్తవలస–కిరండూల్ లైన్‌లో 58, కోరాపుట్–రాయగడ లైన్‌లో 36. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి (1,672 మీటర్లు) ఉన్న కొండల వరస ఇది. ఇక్కడ పట్టాలు వేయాలంటే కొండను చుట్టి రావాలి, లేదంటే కొండలోంచే పోవాలి.

1936 దాకా ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. ఇప్పటికీ పొట్టంగి నుంచి గుణుపూర్ దాకా తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో. ఈ ఇళ్లలో పదో తరగతి, ప్లస్ టూ పూర్తిచేసిన పిల్లల ముందుకు వచ్చే మాటలు కొన్నే: టీచరు ఉద్యోగం, బ్యాంకు, అదృష్టం బాగుంటే అల్యూమినియం సంస్థ నాల్కో. సొరంగం అనగానే తట్టా పారా పట్టిన కూలీయే చాలామందికి గుర్తొస్తాడు. కూలీ కంటే ముందు ఆ కొండను కొలిచినవాళ్లు, రాయిని చదివినవాళ్లు ఉంటారు. ఆ పనులకు ఈ ప్రాంతం నుంచి పిల్లలు వెళ్లాలి.

మొదట కొలిచే పని. కిరండూల్ పక్కనున్న బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపేందుకు 1960లో ఒప్పందం కుదిరింది. ఆ దశాబ్దంలోనే దండకారణ్య–బొలాంగీర్–కిరిబురు (డీబీకే) రైల్వే ప్రాజెక్టు కింద కొత్తవలస–కిరండూల్ (కేకే) లైన్ వేశారు. మైదానం నుంచి బయలుదేరిన పట్టాలు శిమిలిగుడ దగ్గర సుమారు 996 మీటర్ల ఎత్తుకు చేరతాయి. ఖనిజం నిండిన రైలు నిట్టనిలువుగా ఎక్కలేదు కాబట్టి, అరవై మీటర్లు నడిస్తే ఒక్క మీటరు ఎత్తు మారేలా వాలు కట్టారు. ఆ లెక్క తప్పకుండా దారి వెతికితేనే ఎక్కడ వంపు, ఎక్కడ వంతెన, ఎక్కడ సొరంగం అన్నది తేలుతుంది. రైల్వే భాషలో దాని చివరి దశ ఫైనల్ లొకేషన్ సర్వే. సొరంగాన్ని రెండు చివరల నుంచీ తవ్వుకుంటూ వస్తారు. లోపల రెండు జట్లూ ఒకే గీత మీద కలవాలి. ఆ గీత బాధ్యత సర్వేయరుది. ఐటీఐలో సర్వేయర్ ట్రేడ్ రెండేళ్లు. టోటల్ స్టేషన్, జీపీఎస్ పరికరాలు చేతికి అలవాటైతే, సివిల్ డిప్లొమా కూడా తోడైతే, సొరంగం సైట్లలో ఈ పనికి గిరాకీ ఉంటుంది.

తర్వాత రాయిని చదివే పని. ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖోండలైట్. ఇక్కడి కోంధు గిరిజనులనే తెలుగువాళ్లు కోదులంటారు. వాళ్ల పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్త వాకర్ వందేళ్లకు ముందే రాయికి ఆ పేరు పెట్టాడు. గట్టిగా ఉన్నచోట ఇది మంచి రాయి. వానకూ ఎండకూ యుగాలుగా శిథిలమైనచోట మట్టిలా విడిపోతుంది. అదే మార్పు ఇంకా లోతుగా సాగినచోట అల్యూమినియం ముడిఖనిజం బాక్సైట్ అవుతుంది. దమన్‌జోడిలో నాల్కో కర్మాగారం ఉన్నది అందుకే. సొరంగానికి మాత్రం ఈ గుణమే పెద్ద చిక్కు. ఒకే కొండలో వంద మీటర్లు గట్టి రాయి, ఆ పక్కనే పిండిలా రాలే నేల తగలొచ్చు.

అందుకే తవ్వకానికి ముందు బోర్లు వేసి, బయటికొచ్చిన రాతి కడ్డీలను పెట్టెల్లో వరసగా పేరుస్తారు. మీటరు కడ్డీలో పది సెంటీమీటర్లకు తగ్గని ముక్కలన్నీ కలిపితే ఎంత పొడవు వస్తుందో చూస్తారు. ఎనభై సెంటీమీటర్లు వస్తే ఆ రాయికి 80 శాతం మార్కులు. ఆర్‌క్యూడీ అనే ఈ కొలత, దానితోపాటు రాతి నాణ్యతకు వేసే ఆర్‌ఎంఆర్, క్యూ అనే మార్కులు చూసి ఎంత దూరం తవ్వాక ఆపాలో, ఎన్ని రాక్ బోల్టులు దించాలో, షాట్‌క్రీట్ (గోడ మీదికి చిమ్మే కాంక్రీటు) ఎంత మందం కొట్టాలో తేలుస్తారు. బీఎస్సీ జియాలజీని తక్కువ చదువుగా చూసే అలవాటు మన దగ్గర ఉంది. అది సరైన చూపు కాదు. ఎమ్మెస్సీ జియాలజీ చేస్తే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరొచ్చు. సొరంగం కట్టే కంపెనీలకు తవ్వకం ముఖం దగ్గర నిలబడి రాయిని నమోదు చేసే జియాలజిస్టు తప్పనిసరి.

తెలుగు నేల మీద దగ్గరి ఉదాహరణ రాపూరు. ఓబులవారిపల్లె–కృష్ణపట్నం లైన్‌లో చెర్లోపల్లి, రాపూరు స్టేషన్ల మధ్య సుమారు 6.6 కిలోమీటర్ల సొరంగం గుర్రపు నాడా ఆకారంలో తవ్వారు. 2019 సెప్టెంబరు 1న అది ప్రారంభమైంది. అక్కడ వాడింది కొత్త ఆస్ట్రియన్ పద్ధతి. కొండ తన బరువును తానే మోసేలా సాయం చేయడం దాని కిటుకు. డ్రిల్ చేయడం, మందు కూరడం, పేల్చడం, పొగ బయటికి తోలడం, వేలాడే రాళ్లు రాల్చడం, పేలి పడిన రాళ్లు (మక్) ఎత్తడం, బోల్టులు, షాట్‌క్రీట్, ఆ తర్వాత మళ్లీ డ్రిల్. గోడలు ఎన్ని మిల్లీమీటర్లు దగ్గరపడుతున్నాయో క్రమం తప్పకుండా కొలిచేందుకు వేరే మనుషులుంటారు. మైనింగ్ డిప్లొమా చదివినవాళ్లు, గాలి ఫ్యాన్లు చూసే ఎలక్ట్రీషియన్లు, మందు పేల్చే షాట్‌ఫైరర్లు కావాలి. షాట్‌ఫైరర్ సర్టిఫికెట్‌ను పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో ఇస్తుంది.

ఇప్పుడు ఇదంతా చెప్పుకోవడానికి కారణం ఉంది. కొత్తవలస–కోరాపుట్ 189 కిలోమీటర్లు, కోరాపుట్–సింగపూర్ రోడ్ (రాయగడ దగ్గరి స్టేషన్) 164 కిలోమీటర్ల డబ్లింగ్, అంటే రెండో లైన్ వేసే పనులు దశలవారీగా సాగుతున్నాయి. డబ్లింగ్ అంటే చాలాచోట్ల పాత సొరంగం పక్కనే కొత్త సొరంగం. పక్కన గూడ్స్ రైళ్లు నడుస్తుంటే, పాత గోడ పగలకుండా మందు తగ్గించి పేల్చాలి. కొత్తచోట సొరంగం తవ్వడం కంటే ఇదే నేర్పు ఎక్కువ అడిగే పని. దీనికి తోడు, రాయగడ రైల్వే డివిజన్ భవనానికి 2025 జనవరి 6న శంకుస్థాపన జరిగింది. పని పూర్తయిన సొరంగానికీ మనుషులు కావాలి. వానాకాలం ఈ లైన్లలో కొండచరియలు జారతాయి, బండలు పట్టాల మీద పడతాయి. గస్తీ, తనిఖీ, మరమ్మతు ఏడాది పొడవునా ఉండే కొలువులు.

దారుల సంగతి. పదో తరగతి లేదా ఐటీఐతో రైల్వే లెవెల్–1 పోస్టులు, డిప్లొమా లేదా బీటెక్‌తో జూనియర్ ఇంజినీర్, బీటెక్‌తో యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్. వీటిలో లెవెల్–1, జూనియర్ ఇంజినీర్ పరీక్షలు తెలుగులోనూ ఒడియాలోనూ రాయొచ్చు. ఒడిశాలో డిప్లొమా, ఐటీఐ సీట్లు శామ్స్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల వ్యవస్థ ద్వారా వస్తాయి. డిప్లొమా తర్వాత ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరడానికి అక్కడ ఓజేఈఈ, ఆంధ్రాలో ఈసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. కోరాపుట్ తెలుగు పిల్లలు తరచూ తడబడేది ఇక్కడే: ఆంధ్రాలో స్థానిక కోటా వర్తించదు, ఎస్టీ, ఎస్సీ జాబితాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. ఏ రాష్ట్రంలో దరఖాస్తు చేస్తున్నారో ఆ రాష్ట్ర నిబంధన ముందే చదవాలి. తెలుగు, ఒడియా, దేశియా, కువి మాటలు వచ్చిన కుర్రాడు సర్వే జట్టులో ఉంటే ఊళ్లతో మాట్లాడటం సులువవుతుంది. ఆ సంగతి దరఖాస్తులో రాయడం మరవకూడదు.

ప్రమాదాన్ని దాచి ఈ కొలువుల గురించి చెప్పడం తప్పు. 2023 నవంబరు 12న ఉత్తరాఖండ్ సిల్‌క్యారాలో రోడ్డు సొరంగం కూలి 41 మంది చిక్కుకున్నారు. పదిహేడో రోజున అందరూ బయటపడ్డారు. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలోని ఎస్‌ఎల్‌బీసీ నీటి సొరంగంలో చిక్కుకున్న ఎనిమిది మంది విషయంలో అలా జరగలేదు. నెమ్మదిగా ప్రాణం తీసే శత్రువు ఇంకొకటి ఉంది, రాతి పొడి. ఊపిరితిత్తుల్లో చేరిన ఆ పొడిలోని సిలికా చేసే హాని ఇక మానదు. కాంట్రాక్టరు దగ్గర చేరేవాళ్లు పీఎఫ్, బీమా, భవన నిర్మాణ కార్మికుల బోర్డులో నమోదు, సరైన మాస్కు, నీళ్లు పోస్తూ డ్రిల్ చేసే ఏర్పాటు ఉన్నాయో లేదో చేరేముందే అడగాలి.

చదువు మొదలుపెట్టడానికి కాలేజీ తెరిచేదాకా ఆగనక్కర్లేదు. సుంకి ఘాట్‌లో రోడ్డు కోసం కొండను కోసినచోట పైన ఎర్రమట్టి, కింద గట్టి రాయి వరసలుగా కనిపిస్తాయి. ఆ రాయి ముక్కను ఎండలో తిప్పి చూస్తే ఎర్రెర్రగా మెరిసే గింజలు గార్నెట్లు. మట్టి ఎంత మందాన ఆగిందో, రాయి ఎక్కడ మొదలైందో టేపు పెట్టి ఒక నోటుపుస్తకంలో బొమ్మ గీసుకుంటే, సొరంగం జియాలజిస్టు రోజూ చేసే పనిలో మొదటి పేజీ అదే.