పాత ట్రాక్టరుకు ఎత్తు గొట్టం: చల్లగాలి కన్నా శుభ్రమైన గాలి ముఖ్యం

వేసవి దుక్కుల్లో, నూర్పిళ్లలో ట్రాక్టరు చుట్టూ దుమ్ము మేఘంలా కమ్ముకుంటుంది. ఆ దుమ్ములోనుంచే ఇంజను గాలి పీల్చుకోవాలి. పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన ట్రాక్టర్లలో చాలావాటికి గాలి తీసుకునే పొడుగు గొట్టం మిగిలి ఉండదు. చెట్టు కొమ్మ తగిలి విరిగో, తుప్పు పట్టి రాలిపోయో ఉంటుంది. అప్పటినుంచి ఇంజను బానెట్ కింద వేడిగాలినే పీలుస్తూ ఉంటుంది. “గొట్టం పైకెత్తి కడితే చల్లగాలి దొరికి బండికి బలం వస్తుంది, డీజిలు కలిసొస్తుంది” అని షెడ్లలో మేస్త్రీలు చెబుతుంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం ఎంత, గొట్టాన్ని ఎక్కడ అతకాలి అన్నది తెలుసుకోకుండా వెల్డింగు షాపుకు వెళితే మంచిగా ఉన్న ఇంజను కూడా బోరుకొస్తుంది.

ముందు లెక్క చూద్దాం. 35 గుర్రాల శక్తి తరగతిలో మూడు సిలిండర్ల ఇంజను ఒకటి ఉందనుకోండి. దాని పరిమాణం సుమారు 2,400 సీసీ. నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే అది నిమిషానికి దాదాపు 2,000 లీటర్ల గాలి లాగుతుంది. అంటే 200 లీటర్ల డీజిలు పీపాలు పది. రోజుకు ఎనిమిది గంటలు దున్నితే 4,800 పీపాల గాలి ఇంజనులోకి పోతుంది. ఒక్కో పీపా గాలిలో చిటికెడులో వెయ్యో వంతు దుమ్మున్నా సాయంత్రానికి ఎంతవుతుందో మీరే ఊహించండి. పొలం దుమ్ములో ఎక్కువగా ఉండేది సన్న ఇసుక. గాజును గీసే ఇసుక ఇది. ఆయిలుతో కలిసి సిలిండరు గోడకు, రింగులకు మధ్య చేరితే ఆకురాయి పెట్టి రుద్దినట్టే అరగదీస్తుంది.

ఇక చల్లదనం సంగతి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. బయట 42 డిగ్రీలు ఉండి, బానెట్ కింద 65 డిగ్రీలు ఉంటే అదే పరిమాణం గాలి బరువు సుమారు 7 శాతం తగ్గుతుంది. డీజిలు మండటానికి కావలసింది గాలి బరువు. లీటరు డీజిలు పూర్తిగా మండాలంటే తక్కువలో తక్కువ 12 కిలోల గాలి కావాలి. గాలి చాలకపోతే బరువు లాగేటప్పుడు నల్లపొగ వస్తుంది, డీజిలు పొగగొట్టం పాలవుతుంది. కాబట్టి బయటి గాలి అందేలా గొట్టం పెడితే ఎండాకాలంలో బరువు పనుల దగ్గర కొంత తేడా కనిపిస్తుంది. రెట్టింపు బలం వస్తుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. ఎత్తు గొట్టం వల్ల అసలు లాభం మరొకటి. దుమ్ము చక్రాల దగ్గర దట్టంగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. మూతి ఎత్తున ఉంటే ఎయిర్ క్లీనరు మీద పడే భారం తగ్గుతుంది.

ఇక్కడ గట్టిగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. గాలి దారిలో ఎయిర్ క్లీనరుకు ముందున్నది మురికి వైపు, తరువాత ఇంజను దాకా ఉన్నది శుభ్రమైన వైపు. మీరు కొత్తగా చేసే కోత, అతుకు, వెల్డింగు అంతా మురికి వైపునే ఉండాలి. ఆ వైపు చిన్న చిల్లు ఉన్నా లోపలికి వచ్చిన గాలి క్లీనరులో వడపోతకు గురవుతుంది. శుభ్రమైన వైపు సూది బెజ్జమంత సందున్నా అక్కడినుంచి వచ్చిన దుమ్ము నేరుగా సిలిండరులోకే పోతుంది. కొందరు క్లీనరును తీసి దూరంగా బిగించి, అక్కడినుంచి ఇంజనుకు రకరకాల గొట్టాలు ముక్కలు ముక్కలుగా కలుపుతారు. ఈ పని వద్దు. క్లీనరు కంపెనీ వాళ్లు పెట్టిన చోటే ఉండనివ్వండి.

గొట్టం లోపలి వెడల్పు పాతదానికన్నా తగ్గకూడదు. రెండున్నర అంగుళాల చోట రెండు అంగుళాల గొట్టం వేస్తే చూడటానికి అర అంగుళమే తేడా, కానీ గాలి దారి మూడో వంతుకు పైగా మూసుకుపోతుంది. అప్పుడు చల్లగాలి మాట దేవుడెరుగు, ఉన్న గాలి కూడా అందదు. మలుపులు తక్కువగా, నిదానంగా వంగి ఉండాలి. ప్లాస్టిక్ గొట్టం చవకే గానీ ఇంజను వేడికి మెత్తబడి నొక్కుకుపోతుంది, ఎండకు పగులుతుంది. ఇనుప గొట్టమే మేలు. వెల్డింగు చిట్టెం లోపల మిగలకుండా సుత్తితో తట్టి, గుడ్డతో తుడిచి బిగించండి. మూతి సైలెన్సరు పొగకు దూరంగా ఉండాలి, డ్రైవరు చూపుకు అడ్డం రాకూడదు. పైన వానటోపీ, వీలైతే దుమ్మును ముందే చిమ్మివేసే ప్రీ-క్లీనరు గిన్నె పెట్టించండి. కొందరు మూతికి పాత చీర గుడ్డ చుడతారు. రెండు గంటల్లో ఆ గుడ్డ దుమ్ముతో మూసుకుపోయి బండి నల్లపొగ కక్కుతుంది. షెడ్డులో చాలాకాలం నిలిపిన బండి అయితే గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టాయేమో ముందు చూసుకోండి.

పాత ట్రాక్టర్లలో ఎక్కువగా ఉండేది నూనె గిన్నె ఉన్న ఎయిర్ క్లీనరు. గాలి నడిమి గొట్టం గుండా కిందికి వచ్చి నూనెను తాకి, ఒక్కసారిగా వెనక్కి తిరిగి పైకి పోతుంది. బరువైన దుమ్ము ఆ మలుపు తిరగలేక నూనెలో పడుతుంది. మిగిలింది పైనున్న తీగ వలకు అంటుకుంటుంది. ఈ ఏర్పాటు సరిగా పనిచేయాలంటే గిన్నెలో గీత దాకా నూనె ఉండాలి. గీతకు తగ్గితే దుమ్ము దాటిపోతుంది. దుమ్ము పనుల్లో రోజూ పొద్దున గిన్నె విప్పి చూడండి. అడుగున బురద వేలి మందం పేరుకున్నా, వాననీరు చేరి నూనె తెల్లబడినా పారబోసి, గిన్నె కడిగి కొత్త నూనె పోయండి. ఇంజనులోంచి తీసిన నల్ల ఆయిలు ఇందులో పోయడం పొదుపు కాదు. వలను కిరోసిన్‌లోనో డీజిలులోనో కడిగి, పూర్తిగా కారిపోయి ఆరాకే బిగించండి. పెట్రోలుతో కడగకండి, నిప్పు ప్రమాదం ఉంది.

“కొంచెం ఎక్కువుంటే మంచిదేగా” అని గీత దాటించి పోసేవాళ్లున్నారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పని. ఎక్కువైన నూనెను ఇంజను లాగేసుకుని డీజిలులాగే మండిస్తుంది. అప్పుడు వేగం అదుపు తప్పుతుంది, డీజిలు ఆపినా బండి ఆగదు. గాలిని మూస్తేనే ఆగుతుంది. మూతికి మందపాటి చెక్క అడ్డం పెట్టాలి, చేయి మాత్రం పెట్టకూడదు.

శుభ్రమైన వైపు సందులున్నాయో లేదో తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్షలు రెండున్నాయి. ఇంజను ఆపి, క్లీనరు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు హోసుపైపు విప్పి, లోపల తెల్లగుడ్డ చుట్టిన వేలితో తుడవండి. గుడ్డకు మట్టి అంటితే దుమ్ము పోతున్నట్టే. రెండోది, బండిని నెమ్మదిగా తిరగనిస్తూ గొట్టం మూతిని చదునైన చెక్కతో గట్టిగా మూయండి. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే గాలి ఎక్కడో దొంగదారిన వస్తోంది. రబ్బరు పైపు మడతల్లో పగుళ్లు, ఎలుక కొరికిన చోట్లు, వదులు క్లిప్పులు వెతకండి. పగిలిన పైపుకు టేపు చుట్టి కాలం గడపొద్దు, మార్చేయండి. బోరు చేయించి పిస్టన్లు, రింగులు వేయించే ఖర్చు ముందు ఈ పైపు ఖరీదు లెక్కలోకి రాదు.

కాగితపు ఫిల్టరు ఉన్న బండ్లకు వేరే జాగ్రత్త. దాన్ని టైరుకేసి కొట్టకూడదు, కిరోసిన్‌తో కడగకూడదు. తక్కువ ఒత్తిడి గాలిని లోపలినుంచి బయటికి కొట్టాలి. లోపలి చిన్న ఫిల్టరును శుభ్రం చేయకుండా మార్చడమే పద్ధతి.

కార్బురేటరు ఉన్న పాత పెట్రోలు జీపులకు కూడా ఈ గొట్టం సూత్రమే వర్తిస్తుంది. కాకపోతే చిక్కని గాలి వచ్చేసరికి పెట్రోలు పాలు కొద్దిగా తగ్గుతుంది కనుక గొట్టం పెట్టాక కార్బురేటరును సరిచూపించుకోవాలి. పెట్రోలుతో మొదలెట్టి కిరోసిన్‌తో నడిపే పంపుసెట్ల దగ్గర మాత్రం చల్లగాలి ప్రయోగాలు చేయకండి. కిరోసిన్ ఆవిరి కావాలంటే వేడి ఉండాలి. చల్లబడితే సరిగా మండని కిరోసిన్ గోడల వెంట జారి ఇంజను ఆయిలులో కలుస్తుంది.

గొట్టం బిగించిన తరువాత మొదటి పది గంటల పని అయ్యాక క్లిప్పులన్నీ మరోసారి బిగించుకోండి. కొత్త రబ్బరు కుదురుకునేసరికి అవి వదులవుతాయి.