ఆట మొదలుకాక ముందు వచ్చే పేజీ



మనం ఆదివారం కంప్యూటర్ గదిలో ఆడే ‘బాటిల్ ఫర్ వెస్నోత్’ గురించి రాస్తున్నాను. దీన్ని 2003లో డేవిడ్ వైట్ అనే ఆయన మొదలుపెట్టారు. ఉచితంగా దొరుకుతుంది. ఓర్కులు, ఎల్ఫులు, మనుషులు ఎలా కొట్టుకుంటారో మీ అందరికీ తెలుసు. కాని ఆటకు ముందు సెట్టింగుల పేజీ ఒకటి వస్తుంది కదా, దాన్ని చదవకుండానే ఓకే నొక్కేస్తాం. నేనూ అలాగే నొక్కి ఒక పదో తరగతి అక్క చేతిలో వరసగా నాలుగు ఆటలు ఓడిపోయాను. అప్పుడు డిక్షనరీ పెట్టుకొని కూర్చున్నాను.

ముందుగా ‘యూజ్ మ్యాప్ సెట్టింగ్స్’ దగ్గర టిక్కు తీసెయ్యాలి. అది ఉంటే మ్యాపు గీసినవాళ్ళ లెక్కే నడుస్తుంది.

తర్వాత ఊరి బంగారం. మన చేతిలో ఉన్న ప్రతి ఊరూ వంతుకు ఇంత అని బంగారం ఇస్తుంది. మామూలుగా 2. మనం 1 పెట్టొచ్చు, 5 దాకా పెంచొచ్చు. అక్కకు 7 ఊళ్ళు, నాకు 4 ఊళ్ళు అనుకోండి. 1 పెడితే వంతుకు 3 తేడా. 5 పెడితే 15 తేడా! బల్లెం పట్టిన సైనికుడి ఖరీదు 14. అంటే ప్రతి వంతుకూ అక్కకు ఒక మనిషి ఎక్కువ. గుర్రాలున్నవాళ్ళు ముందే ఊళ్ళకు చేరిపోతారు కాబట్టి 5 వాళ్ళకే లాభం. (సైనికుడు అడుగుపెడితే చాలు, ఊరు వాడిదైపోతుంది. ఊరివాళ్ళని అడిగే సెట్టింగు ఉందేమోనని వెతికాను. లేదు.)

‘ఫాగ్’ అంటే మంచు. మనవాళ్ళు వెళ్ళగలిగినంత దూరం దాటితే శత్రువు కనపడడు. ‘ష్రౌడ్’ పెడితే నేల కూడా కనపడదు, అంతా నలుపే. డిక్షనరీలో ఆ మాటకు శవం మీద కప్పే గుడ్డ అని ఉంది, భయమేసింది. ఫాగ్ పెట్టినప్పుడు ఎదుటివాళ్ళ వంతులో మొహం తిప్పుకోవాలి. మనవాళ్ళు తిప్పుకోరు.

పగలు మనుషుల్లో చాలామందికి 25 శాతం బలం ఎక్కువ, రాత్రి 25 శాతం తక్కువ. ఓర్కులకు దీనికి తిరగేసి. అందుకే ఆట ఏ వేళకు మొదలవుతుందో కూడా చూసుకోవాలి.

నాకు అర్థమయిందేమంటే, సెట్టింగు ఇద్దరికీ ఒకటే, లాభం మాత్రం ఒకటి కాదు. ఆ అక్కకు మ్యాపు కంఠతా వచ్చు. మంచు ఇద్దరికీ కమ్మింది గాని దారి తెలియనిది నాకే.

మా ఊళ్ళో పులి-మేకలో 3 పులులు, 15 మేకలు. చిన్నపిల్లలు మేకలు పట్టుకుంటే, 15 మేకలూ పెట్టేదాకా పులి దూకకూడదని గీతలు గియ్యకముందే తాత చెప్పేస్తాడు. ఇద్దరూ సరే అన్నాకే ఆట.

ఈ సంగతి అక్కకు చెప్పాను. “చదవడం వచ్చిందిగా, ఈసారి నువ్వే పెట్టు” అంది. వచ్చే ఆదివారం ఫాగ్ తీసేసి, ఊరికి 2 పెట్టి, పేజీ మొత్తం పైకి చదివాకే ఓకే నొక్కుతాను.

– 9వ తరగతి విద్యార్థిని