2000 వాట్ల హీటర్ కొనే ముందు: పట్టుపురుగుల షెడ్డు నేర్పే టెంపరేచర్ కంట్రోల్

ఫోన్ రివ్యూల్లో థర్మల్ థ్రాట్లింగ్ అనే మాట చాలాసార్లు చదివే ఉంటారు. గేమ్ ఆడుతుంటే ఫోన్ వేడెక్కుతుంది. లోపలున్న చిన్న థర్మిస్టర్ ఆ సంగతి పట్టేస్తుంది, వెంటనే ప్రాసెసర్ స్పీడ్ తగ్గుతుంది. కొలవడం, పోల్చడం, సరిచేయడం: ఈ మూడూ ఆగకుండా తిరుగుతూ ఉంటే దాన్ని క్లోజ్డ్ లూప్ కంట్రోల్ అంటాం. ఈ పాఠంలో అదే లూప్‌ని, వేడి పుట్టించి రాత్రంతా నిలబెట్టాల్సిన చోట చూద్దాం.

నాది కుందుర్పి. అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దు పక్కన. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. బోరులో కాస్త నీళ్ళున్నవాళ్ళు మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతారు. గుడ్డు పగిలినప్పటి నుంచి గూడు కట్టేదాకా సుమారు 25 రోజులు. చలికాలంలో ఆ 25 రాత్రులూ షెడ్డులో వేడి తప్పితే ఆకు ఖర్చు, కూలి ఖర్చు నెత్తిన పడతాయి, గూళ్ళు మాత్రం చేతికి రావు. అందుకే "ఎన్ని వాట్ల హీటర్ కొనాలి?" అని ఊళ్ళో నన్ను అడుగుతుంటారు. నా జవాబు ఒకటే: హీటర్ చివర్లో కొనండి. ఎందుకో చెప్తాను.

పురుగుకి ఎంత వేడి కావాలి?

పట్టుపురుగు తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. గది ఎంత చల్లబడితే అదీ అంతే. నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది కాబట్టి దాని జీవితం ఐదు దశలు. మొదటి రెండు దశల్ని చాకీ అంటారు. అప్పుడు 27 నుంచి 28 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 85 శాతం దాకా ఉండాలి. పెద్దయ్యేకొద్దీ రెండూ తగ్గాలి. ఐదో దశకి 24 డిగ్రీలు, 65 నుంచి 70 శాతం తేమ చాలు. అంటే సెట్ పాయింట్ ఒకసారి పెట్టి వదిలేసేది కాదు, దశ మారినప్పుడల్లా మారాలి.

చలి ఎక్కువైతే పురుగు నెమ్మదిగా తింటుంది, పెంపకం రోజులు పెరుగుతాయి. చలికి తేమ తోడైతే పురుగు చచ్చి సుద్దముక్కలా గట్టిపడే సున్నపుకట్టు రోగం వస్తుంది. అలాగని వేడి పెంచేస్తే పెద్ద పురుగులు తట్టుకోలేవు.

లెక్క వేద్దాం: వేడి ఎక్కడికి పోతోంది?

6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గది అనుకోండి. అందులో 72 ఘనపు మీటర్ల గాలి, అంటే సుమారు 86 కిలోలు. దాన్ని 18 డిగ్రీల నుంచి 25కి తేవాలంటే దాదాపు 600 కిలోజౌళ్ళు కావాలి. 1000 వాట్ల హీటర్‌కి అది పది నిమిషాల పని. మరి నిజంగా పది నిమిషాల్లో షెడ్డు ఎందుకు వేడెక్కదు?

పైకప్పు వల్ల. ఒంటి రేకు కప్పు చదరపు మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి, సుమారు 7 వాట్లు బయటికి వదిలేస్తుంది. 24 చదరపు మీటర్లు, 7 డిగ్రీల తేడా అంటే దాదాపు 1200 వాట్లు ఒక్క కప్పు నుంచే పోతున్నాయి. పది గంటల రాత్రికి 12 యూనిట్లు. మా వైపు పొడిగాలి, మబ్బులేని ఆకాశం. రేకు తన వేడిని నేరుగా ఆకాశంలోకి విడుస్తూ ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున బయటి గాలికంటే రేకే చల్లగా ఉండొచ్చు.

ఇప్పుడు ఆ రేకు కింద 25 మిల్లీమీటర్ల థర్మోకోల్ సీలింగ్ వేశామనుకోండి. అదే తేడాకి కప్పు నుంచి పోయేది సుమారు 200 వాట్లకి దిగుతుంది. ఏ హీటర్ ఆఫర్‌లోనూ ఇంత మిగలదు. కాకపోతే రెండు జాగ్రత్తలు. థర్మోకోల్ మండుతుంది, హీటర్‌కి దూరంగా ఉండాలి. రెండోది, గది మొత్తం మూసేయకూడదు, పురుగులకి కొత్త గాలి కావాలి.

వేడి చేస్తే తేమ పడిపోతుంది

దీన్ని చాలామంది పట్టించుకోరు. 18 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని, నీరు కలపకుండా 25 డిగ్రీలకి తెస్తే తేమ సుమారు 52 శాతానికి పడిపోతుంది. గాలిలో నీరు తగ్గలేదు, గాలి పట్టగల నీరు పెరిగింది. ఫలితం? ఆకు గంటల్లో వాడిపోతుంది, చాకీ పురుగు దాన్ని కొరకలేదు. అందుకే టెంపరేచర్ మాత్రమే చూసే కంట్రోలర్ ఇక్కడ సగం పనే చేస్తుంది. హీటర్‌తో పాటు హ్యుమిడిఫయర్ గానీ, కనీసం తడి గోనెసంచులు గానీ ఉండాలి.

బొగ్గుల కుంపటి వాడేవాళ్ళు ఇంకా ఉన్నారు. మూసిన గదిలో అది కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. రాత్రి ఆకు వేయడానికి వెళ్ళే మనిషికే ముందు ప్రమాదం.

సెన్సర్ ఏది, ఎక్కడ?

డీహెచ్‌టీ22 చవక, టెంపరేచర్‌లో అర డిగ్రీ అటూఇటూ చూపిస్తుంది. తేమ లెక్క ముఖ్యం కాబట్టి నా ఓటు ఎస్‌హెచ్‌టీ31కి, దాని తేడా సుమారు 2 శాతమే. డీఎస్18బీ20 వాటర్‌ప్రూఫ్‌గా దొరుకుతుంది కానీ తేమ కొలవదు.

అయితే ఏ సెన్సర్ అన్నదానికంటే ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం. మా చిన్నాయన షెడ్డులో మీటర్ తలుపు పైన బిగించి ఉండేది. "మీటర్‌లో ఇరవై ఐదు చూపిస్తాంది రా, పురుగు మాత్రం ఆకు ముట్టడం లేదు" అన్నాడు ఒకరోజు. వేడిగాలి పైకి పోతుంది. తలుపు పైన 25 ఉంటే కింది తట్టు దగ్గర అంతకంటే తక్కువే ఉంటుంది. మీటర్ అబద్ధం చెప్పలేదు, పురుగు లేనిచోట కొలిచింది, అంతే. సెన్సర్ పురుగు ఉన్న ఎత్తులోనే ఉండాలి. హీటర్ కాయిల్ దానికి నేరుగా కనబడకూడదు, తడి ఆకు తగలకూడదు. వీలైతే రెండు పెట్టండి: పై తట్టుకి ఒకటి, కింది తట్టుకి ఒకటి. రెండిటికీ తేడా ఎక్కువ వస్తుంటే గాలి కలపడానికి చిన్న ఫ్యాన్ కావాలని అర్థం. ఫ్యాన్ గాలి నేరుగా ఆకు మీదికి రాకుండా చూడండి.

ఆన్-ఆఫ్ చాలా, పీఐడీ కావాలా?

వేడిని తనంతట తాను అదుపు చేసుకునే పరికరాల్లో తొలినాటి వాటిలో ఒకటి కోడిగుడ్లు పొదిగే ఇంక్యుబేటర్. 17వ శతాబ్దం మొదట్లో డచ్ ఇంజనీర్ కార్నెలిస్ డ్రెబెల్ చేశాడు. పీఐడీ సిద్ధాంతాన్ని 1922లో నికొలస్ మినోర్‌స్కీ ఓడల స్టీరింగ్ కోసం రాశాడు. దాన్ని ట్యూన్ చేసే పద్ధతిని 1942లో జీగ్లర్, నికొల్స్ ఇచ్చారు. ఇప్పటి 3డీ ప్రింటర్ నాజిల్‌లో నడిచేదీ పీఐడీయే. ఇప్పుడెంత తేడా ఉంది, ఆ తేడా ఎంతసేపుగా పేరుకుంది, ఎంత వేగంగా మారుతోంది: ఈ మూడింటినీ కలిపి పవర్ లెక్కిస్తుంది.

నాజిల్ చిన్నది, సెకన్లలో వేడెక్కుతుంది. షెడ్డు అలా కాదు, గోడలు వేడెక్కడానికి గంటలు పడుతుంది. అంత నెమ్మది సిస్టమ్‌కి మామూలు ఆన్-ఆఫ్ చాలు, మధ్యలో గ్యాప్ ఉంటే. 24.5 దగ్గర ఆన్, 25.5 దగ్గర ఆఫ్. ఈ గ్యాప్‌నే హిస్టరిసిస్ అంటారు. అది లేకపోతే రిలే టకటకా కొట్టుకుంటుంది.

ఆ టకటక ఖరీదు ఎంతో చూడండి. చవక రిలేలకి ఫుల్ లోడ్ మీద ఆయుష్షు సుమారు లక్ష ఆపరేషన్లు. పది సెకన్లకోసారి ఆన్ అయితే పది గంటల రాత్రికి 3600. లక్ష అయిపోవడానికి 28 రాత్రులు, అంటే ఒక్క పంట! అదే పది నిమిషాలకోసారి అయితే రాత్రికి 60. వెయ్యిన్నర రాత్రులు దాటి పనిచేస్తుంది.

చెడిపోతే ఎలా చెడిపోతుంది?

230 వోల్టుల దగ్గర 2000 వాట్ల హీటర్ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల నీలం రిలే మాడ్యూల్‌కి అది అంచు. రిలే కాంటాక్ట్‌లు అతుక్కుపోతే హీటర్ ఆగదు. సాలిడ్ స్టేట్ రిలే కూడా పోతే ఎక్కువగా షార్ట్ అయ్యే పోతుంది, అంటే ఆన్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు మీ కోడ్ ఎంత బాగున్నా చేయగలిగింది లేదు. అందుకే కంట్రోలర్‌తో సంబంధం లేకుండా, హీటర్ లైన్‌లోనే విడిగా ఒక మెకానికల్ థర్మోస్టాట్ పెట్టండి. చాకీ షెడ్డులో అయితే 32 డిగ్రీలకి కట్ అయ్యేలా నేను పెడతాను. 230 వోల్టుల వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

ఇక సాఫ్ట్‌వేర్. ఈఎస్‌పీ32 వాడినా, ఆన్ చేయాలా వద్దా అన్న నిర్ణయం బోర్డులోనే జరగాలి, క్లౌడ్‌లో కాదు. నెట్ పోతే నోటిఫికేషన్ ఆగొచ్చు, హీటర్ ఆగకూడదు. కరెంట్ పోయి వచ్చినప్పుడు ముందు ఆఫ్‌లో మొదలై, సెన్సర్ చదివాకే ఆన్ అవ్వాలి. ఫోన్ అలర్ట్‌తో పాటు ఒక బజర్ కూడా ఉండాలి, తెల్లవారుజామున మూడింటికి ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది.

డబ్బులు ఈ వరుసలో పెట్టండి

1. కప్పు కింద సీలింగ్, తలుపు సందులు మూయడం
2. పురుగు ఎత్తులో రెండు సెన్సర్లు
3. తేమకి ఏర్పాటు
4. విడి మెకానికల్ కటాఫ్
5. లెక్క ప్రకారం సరిపోయే హీటర్

పురుగులు తేకముందు ఖాళీ షెడ్డులో ఒక రాత్రంతా నడిపి రీడింగులు లాగ్ చేయండి. ఒకసారి మెయిన్ ఆపి మళ్ళీ వేయండి. ఆఖరి పరీక్ష: హీటర్ నడుస్తుండగా సెన్సర్ వైర్ పీకండి. డీఎస్18బీ20కి వాడే లైబ్రరీ, సెన్సర్ అందకపోతే మైనస్ 127 అని చెప్తుంది. దాన్ని చలి అనుకుని హీటర్‌ని ఆన్‌లోనే ఉంచే కోడ్ ఉన్న షెడ్డులో పురుగు పెట్టొద్దు. వైర్ పీకగానే హీటర్ ఆగి బజర్ మోగితే, అప్పుడు చాకీ తట్టలు లోపలికి తెచ్చుకోండి.