ముందు ఆ మూడింటినీ చూడు

కాకినాడ,
శ్రావణ మాసం

చి॥ల॥సౌ॥ బుజ్జికి,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. లడ్డూ నిద్రపోతోంది, లడ్డూ చెప్పు కొరుకుతోంది, చిన్నోడి ఒళ్ళో లడ్డూ. ముద్దుగానే ఉంది, కాదనను. మరి బ్రూనో ఏడీ? స్వీటీ ఏదీ? ఒక ఫొటోలో మాత్రం గుమ్మం పక్కన కర్రిగాడి తోక కనిపించింది. ఆ కుక్కపిల్ల వచ్చిన దగ్గర్నుంచీ మీ ఇల్లు కూడా ఈ ఫొటోల్లాగే నడుస్తోందని నా అనుమానం. ఫోన్లో చెప్తే సగం విని "సరే పెద్దమ్మా" అంటావు, అందుకే ఉత్తరం.

మూడు కుక్కలున్న ఇంట్లోకి నాలుగోది వస్తే ముందు చూసుకోవలసింది ఆ మూడింటినే. పిల్ల మీద ఇంటిల్లిపాదికీ కన్నుంటుంది, అదెలాగూ పెరుగుతుంది. పాతవాటి చోటు, తిండి, నిద్ర, నువ్వు వాటితో గడిపే వేళ తగ్గకుండా చూసుకుంటే నాలుగూ నెమ్మదిగా సర్దుకుంటాయి. అవి తగ్గిపోయాయా, ఆ చిరాకంతా పిల్ల మీదే తీర్చుకుంటాయి.

"బ్రూనో ముసలాడైపోయాడు, తోడుంటుందని తెచ్చాం" అని రాశావు. ఇది నేనొప్పుకోను. వానలో కాలవ పక్కన ఏడుస్తుంటే చిన్నోడు చూశాడు, మీకు మనసాగక ఎత్తుకొచ్చారు. ఆ కారణం చాలు, దానికి బ్రూనో పేరు ఎందుకు? పదేళ్ళ లాబ్రడార్ వాడు. తుంటి కీళ్ళు పట్టేసి, లేవాలంటే ముందు కాళ్ళ మీద బరువంతా వేసి లేస్తున్నాడు. వాడికి కావలసింది మెత్తటి పరుపూ, తొందరపెట్టని నడకా. చెవులు పట్టుకు వేలాడే పిల్లతో వాడికేం సుఖం? కిటికీ గది వాడికి వదిలెయ్యి. గుమ్మానికి అడ్డంగా ఒక చెక్క పెట్టు. వాడు దాన్ని దాటలేడు కాబట్టి వాడు వచ్చినప్పుడల్లా నువ్వే తియ్యాలి, నువ్వే వెయ్యాలి. విసుగే. అయినా పగలంతా వాడు కంటి నిండా నిద్రపోతే, సాయంత్రం ఓ పావుగంట ఆ పిల్లని ఓర్చుకుంటాడు.

వాడు గుర్రుమన్నాడని మీ ఆయన కేకలేశారట. వద్దని చెప్పు. "ఇక చాలు, తప్పుకో" అనడానికి కుక్కకున్న మాటే ఆ గుర్రు. ఆ మాట అన్నందుకు దెబ్బలు పడితే, ఈసారి ఏమీ అనకుండానే కరుస్తుంది. నిజానికి గుర్రుమనే ముందే చాలా చెప్తుంది: మొహం పక్కకి తిప్పుకుంటుంది, ఊరికే మూతి నాక్కుంటుంది, ఒళ్ళు బిగబడుతుంది, కంటి తెల్లగుడ్డు పక్కకి కనిపిస్తుంది. అది చూడగానే పిల్లని ఎత్తుకుని అవతలికి పో. బ్రూనోని ఏమీ అనకు. ఇంకో మాట. పెద్ద కుక్కలు పసిపిల్లకి చాలా వదిలేస్తాయి, కానీ ఆ ఓపిక నాలుగైదు నెలల వయసు దాకానే. ఆ తర్వాత హద్దులు గట్టిగా పెడతాయి. "ఇన్నాళ్ళూ బాగానే ఉన్నాయి, ఇప్పుడేమొచ్చింది?" అని అప్పుడు కంగారుపడకు.

టీకాల సంగతి. డాక్టరు గారు పళ్ళు చూసి రెండు నెలలన్నారన్నావు కదా, పార్వో, డిస్టెంపర్ టీకా ఈపాటికి మొదలుపెట్టే ఉంటారు. అది ఒక్క సూదితో అయిపోదు. మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలలు నిండేదాకా వెయ్యాలి. రేబిస్ టీకా మూడు నెలలకి. నులిపురుగుల మందు మూడు నెలల దాకా పదిహేను రోజులకోసారి. అవన్నీ పూర్తయ్యేదాకా దాన్ని వీధిలో దింపొద్దు, మీ డాబా చాలు. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, మీ చెప్పులకంటుకుని ఇంట్లోకొస్తుంది. ఫినాయిల్‌తో తుడిచాం కదా అనుకోకండి, దానికది లొంగదు. ద్రవ బ్లీచ్ ఒక వంతుకి 30 వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగండి. పిల్ల వాంతులు చేసుకుని, దుర్వాసనతో రక్తం కలిసిన విరేచనాలు మొదలైతే తెల్లారేదాకా ఆగొద్దు. ఆ వయసులో ఒంట్లో నీరు పోతే గంటల్లో కూలబడిపోతాయి. పనిలో పని, మిగతా మూడింటి కార్డులు కూడా తీసి చూడు. కొత్తదాని హడావిడిలో పాతవాటి టీకా తేదీ దాటిపోవడం ప్రతి ఇంట్లోనూ జరిగేదే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. చిన్నోడి చేతికి పిల్ల పళ్ళు గీరుకున్నాయనీ, మీ అత్తగారు పసుపు పెట్టారనీ ఓ మూల చిన్నగా రాశావు. అది మొదటి వాక్యంగా రాయాల్సిన సంగతి. వీధిలో దొరికిన పిల్ల అది, దాని తల్లి ఎవరో మనకి తెలియదు. రెండు నెలల పిల్లకైనా రేబిస్ ఉండొచ్చు. ఎప్పుడు గీరినా కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టకూడదు. ఈ ఉత్తరం చదివిన రోజే వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఆలస్యమైందని మానకు. మా కాలంలోలా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు ఇప్పుడు లేవు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చి ఉంటే సీరం కూడా కావాలేమో వాళ్ళే చూస్తారు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక వైద్యం లేదమ్మా. మీ అత్తగారికి మెల్లగా చెప్పు, ఆవిడ ప్రేమతోనే పెట్టారు.

ఆవిడ మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. వంటింట్లోకీ పూజగదిలోకీ నాలుగింటిలో ఏదీ రాకూడదని ఇప్పుడే గీత గియ్యి. ఇది ఆవిడ కోసమే, అయినా కుక్కలకీ మంచిదే. వంటింట్లోనే కదా ప్రమాదమంతా: ఉల్లిపాయ, వెల్లుల్లి పడ్డ కూరల మిగుళ్ళు, ద్రాక్ష, కిస్‌మిస్, చిన్నోడి చాక్లెట్. ఉడికిన కోడి ఎముకలు ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి. జ్వరమొచ్చిందని మన పారాసెటమాల్ బిళ్ళ వేసేవాళ్ళని చూశాను, వద్దు. మేరీ బిస్కట్ ఒకటీ అరా అయితే ఆవిడ పెట్టనీ, అంతకన్నా నేను చెప్పను. నాకూ ఓ కోడలుంది.

తిండి దగ్గరే సగం కొట్లాటలు. నాలుగు గిన్నెలూ వరసగా పెట్టి ఫొటో తీసుకోవడం బాగుంటుంది గానీ, కర్రిగాడు వీధిలో ఆకలితో పెరిగినవాడు. వాడి గిన్నె దగ్గరికి పిల్ల వెళ్తే వాడు ఫొటో కోసం ఆగడు. నాలుగింటికీ నాలుగు చోట్లు, మధ్యలో తలుపులు. పదిహేను నిమిషాల తర్వాత ఖాళీ అయినా కాకపోయినా గిన్నెలు ఎత్తెయ్యి. పిల్లకి రోజుకి నాలుగుసార్లు పెట్టాలి కదా, ఆ వేళల్లో బ్రూనో గుమ్మం అవతల ఉండాలి. లేకపోతే పిల్ల తిండి కూడా తనే తిని ఇంకా బరువెక్కుతాడు, ఆ బరువంతా ఆ తుంటి మీదే.

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకసారి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మధ్యలో చెయ్యి మాత్రం పెట్టొద్దు. పళ్ళెం గట్టిగా మోగించండి, బకెట్ నీళ్ళు కుమ్మరించండి. అప్పటికీ వదలకపోతే ఇద్దరు మనుషులు చెరొకదాని వెనక కాళ్ళూ పట్టి వెనక్కి లాగాలి. తర్వాత తప్పెవరిదని పంచాయితీ పెట్టకు, రెండింటినీ వేరే గదుల్లో పడుకోబెట్టు. జుట్టు విడదీసి ఒళ్ళంతా చూడు. కుక్క పంటి గాయం పైకి చుక్కంత కనిపిస్తుంది గానీ లోపల లోతుగా ఉండి రెండు రోజుల్లో చీము పడుతుంది. స్వీటీకి అంత ఒత్తయిన బొచ్చు కదా, కనపడనే కనపడదు.

స్వీటీ గురించే నాకు ఎక్కువ బెంగ. అదీ లడ్డూ రెండూ ఆడవి. ఒకే ఇంట్లో రెండు ఆడకుక్కలకి పడకపోతే ఆ వైరం మగవాటి కంటే మొండిగా సాగుతుంది. లడ్డూకి ఆరు నెలలు దాటాక ఎప్పుడైనా ఎద రావచ్చు. కర్రిగాడి చెవికి కత్తిరింపు ఉంది కాబట్టి వాడికి ఆపరేషన్ అయిపోయినట్టే. బ్రూనో ముసలాడే, అయినా మగాడే. అరవై మూడు రోజులు తిరిగేసరికి ఇంట్లో ఇంకో అరడజను ఉంటాయి. స్వీటీకి నాలుగేళ్ళుగా వాయిదా వేస్తున్న ఆపరేషన్ ముందు చేయించు. గర్భసంచిలో చీము పట్టే జబ్బు బాధ కూడా తప్పుతుంది. లడ్డూకి ఎప్పుడన్నది డాక్టరు గారు చెప్తారు.

పిల్ల ఇంట్లో ఒంటేలు పోసిందని చెప్పు తీసుకుంటున్నారట. నిద్రలేవగానే, తినగానే, ఆడుకోగానే డాబా మీదకి తీసుకెళ్ళండి. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకన్నా ఆపుకోలేదు. దాన్ని కొట్టి ఏం లాభం? మన భారతం ఆదిపర్వంలో మొదట్లోనే ఈ గొడవ ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ అనే దేవశునకం పిల్ల వెళ్తే, ఏ తప్పూ చెయ్యకుండానే అతని తమ్ముళ్ళు కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతే, సరమ రాజు దగ్గరికే వచ్చి నిలదీసి శపించింది. నన్నయగారు తెలుగులోనూ ఆ కథ చెప్పారు. మీ ఆయనకి భారతం ఇష్టం కదా, చదివి వినిపించు.

రోజులో కొంతసేపు లడ్డూని మిగతా మూడింటికీ దూరంగా నీతో, చిన్నోడితో ఉంచు. ఎప్పుడూ కుక్కల మధ్యే పెరిగిన పిల్ల వాటి మాటే వింటుంది గానీ నీ మాట వినదు. చెత్త ఆటో రాగానే కర్రిగాడు గేటెక్కి అరవడం వారంలో నేర్చేసుకుంటుంది. దీపావళికి స్వీటీ మంచం కింద దూరి వణకడమూ అలాగే నేర్చుకుంటుంది. భయం వాటికి ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది. మూడు మూడున్నర నెలల్లోపు విన్న చప్పుళ్ళకీ చూసిన మనుషులకీ తర్వాత పెద్దగా బెదరవు కాబట్టి, మిక్సీ, కుక్కరు కూత, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, అన్నీ ఇప్పుడే చూపించు. టపాసుల చప్పుడు ఫోన్లో సన్నగా వినిపిస్తూ పాలో తిండో పెట్టు. కానీ పండగ రాత్రి స్వీటీని, దీన్ని ఒకే గదిలో ఉంచకు.

చిన్నోడికి ఒక పని అప్పగించు, గిన్నెలోకి కొలిచి పొయ్యడం. నడకా, కడగడం వాడి బాధ్యత అనకు, ఆరేళ్ళవాడు వాడు. తింటున్న కుక్క దగ్గరికీ పడుకున్న కుక్క దగ్గరికీ వెళ్ళకూడదన్నది ఒక్కటే వాడికి నేర్పు. పెద్దవాళ్ళు లేకుండా నాలుగింటితో వాణ్ణి ఒంటరిగా వదలకు. పనమ్మాయికి కూడా ఈ నెల నుంచే జీతం పెంచు. నాలుగు కుక్కలున్న ఇల్లు తుడవడం, మూడున్న ఇల్లు తుడవడం ఒకటి కాదు.

సంక్రాంతి దాకా చూడు. లడ్డూకి ఏడెనిమిది నెలలొస్తాయి, దాని స్వభావం తేలుతుంది. అప్పటికీ స్వీటీకీ దానికీ పడక, తలుపుల వెనక వంతులేసుకుని బతకాల్సొస్తుంటే, దాన్ని వేరే ఇంటికి ఇవ్వడం పాపమేమీ కాదు. ఎవరికో ఇవ్వకముందు నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ ఇప్పుడు ఒక్క కుక్కే ఉంది, అదీ మగదే, పెరడు ఖాళీగానే ఉంది. దాన్ని తీసుకొచ్చేటట్టయితే రాత్రిపూట బయలుదేరండి, పగటి ఎండలో కారులో వద్దు. తోవలో తినడానికేమీ పెట్టకండి, వాంతి చేసుకుంటుంది. టీకా కార్డు మాత్రం మర్చిపోకండి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ