సమాచారం – అర్థం – ఎరుక

ఈ నెల మన గోడ పత్రికలో నేను మాట గురించి రాస్తున్నాను. ఒకరి నోట్లోంచి ఇంకొకరి మనసులోకి పోయేది శబ్దమా, అర్థమా?

ముందు ఒక ఆట ఆడదాం. నేను 56 అక్షరాల్లో ఒకటి మనసులో అనుకుంటాను. మీరు అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలే అడగాలి. "మొదటి 28లో ఉందా?" అని సగం సగం చేసుకుంటూ పోతే ఆరు ప్రశ్నల్లో దొరికిపోతుంది. ఏడోది అక్కర్లేదు. చేసి చూడండి. ఈ ఒక్కో అవును–కాదునే బిట్ అంటారు. సమాచారాన్ని ఇట్లా కొలవవచ్చని 1948లో అమెరికాలో క్లాడ్ షానన్ అనే ఇంజనీరు చూపించినాడు. ముందే తెలిసిన సంగతి చెబితే సమాచారం సున్న. అనుకోనిది చెబితే ఎక్కువ. అయితే అర్థంతో తన లెక్కకు పని లేదని ఆయనే రాసినాడు. నిజమే, టెలిఫోను తీగకు తిట్టయినా దీవెనైనా ఒకటే కదా!

మరి అర్థం యాడుంది? దీనికి మన పక్కనే ఒక రాయి ఉంది. మన మైలవరం నుంచి జమ్మలమడుగు దాటి పోతే ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ళ అనే ఊరు. అక్కడ చెన్నకేశవ సిద్ధేశ్వర ఆలయంలో దొరికిన శాసనం క్రీ.శ. 575 నాటిదని, ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదని పండితులు చెప్తారు. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలంది. అందులో 'ఏళన్' అని ఉంది. అంటే 'ఏలుతుండగా' అని. కొన్ని అక్షరాలు అరిగిపోయినాయి. "భోజ– గంట కొట్టారు" అని నేను రాస్తే పోయిన అక్షరం మీరే చెప్తారు, ఆకలి కూడా సాయం చేస్తుంది. కానీ మనిషి పేరో ఊరి పేరో అరిగిపోతే ఊహతో రాదు. అదే పేరు ఇంకో రాతి మీద ఉండాలి. ఎరికల్ ముత్తురాజు అనే పేరు మన జిల్లాలోని ఎర్రగుడిపాడు శాసనంలో కూడా ఉంది. అట్లా ఒక రాయి ఇంకో రాయికి సాక్ష్యం. ఆ అక్షరాల రూపు కూడా వేరు. మనం పోయి నిలబడితే గీతలే కనపడతాయి. రాతిలో సమాచారం ఉంది, చదివేవాళ్ళు వస్తేనే అర్థం.

మేము ఎరుకలవాళ్ళం. మా ఇంట్లో నీళ్ళను తణ్ణి అంటాం. నేను కొత్తగా హాస్టలుకు వచ్చినప్పుడు ఆ మాట అంటే "ఎవరిని తన్ని?" అని నవ్వినారు. శబ్దం ఒకటే, మా చెవికి దాహం, వాళ్ళ చెవికి కొట్లాట.

మా అవ్వ బుట్ట పట్టుకుని ఎరుక చెప్పేది. "నీ గుండెలో ఒక పేరు మెదులుతాంది తల్లీ" అనేది. షానన్ లెక్కలో అది దాదాపు సున్న, ఎందుకంటే ఎవరి గుండెలో పేరు ఉండదు? అయినా వినే ఆమె కండ్లలో నీళ్ళు వచ్చేవి. అర్థం ఆమే తెచ్చుకుని ఉంటుంది, అవ్వ తట్టి లేపేది అంతే. కలమళ్ళ రాయి దీనికి తిరగబడి ఉంది చూడండి.

ఆ అవ్వతోనే ఒకసారి ఒక ఆఫీసులో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఎవరూ చదివి చెప్పలేదు. అది అప్పు కాగితమని కట్టమన్నప్పుడు తెలిసింది. వేలిముద్ర 'ఈమె వేసింది' అని చెప్తుంది. 'ఈమెకు తెలిసి వేసింది' అని చెప్పదు. మరి దాన్ని ఒప్పుకోలు అని ఎట్లా అంటారు? నేను ఎంత ఆలోచించినా అట్లా అనలేకున్నాను.

అమ్మగారూ, మా అమ్మానాయనలు హాస్టలుకు వచ్చి కాగితాల మీద వేలిముద్ర వేసేటప్పుడు, ముందు చదివి వినిపించే పని మా 9వ తరగతి వాళ్ళకు ఇవ్వండి. ఎరుకల మాటలో నేను చెప్తాను. సుగాలి మాటలో చెప్పేవాళ్ళు మా తరగతిలోనే ఉన్నారు.

– 9వ తరగతి విద్యార్థిని