పోలరిటాన్: సగం వెలుగు, సగం పదార్థం

కాంతి వేరు, పదార్థం వేరు అని ఇంటర్మీడియెట్ నుంచీ చదువుకొంటూ వచ్చాం. అర్ధవాహక స్ఫటికంలో ఈ హద్దు చెరిగిపోతుంది.

గాలియం ఆర్సెనైడ్ వంటి స్ఫటికంపై తగిన శక్తిగల ఫోటాన్ పడితే ఒక ఎలక్ట్రాన్ పై పట్టీకి లేస్తుంది. అది వదలిన ఖాళీయే రంధ్రం. ఈ రెండూ ఆకర్షణతో జంటకడితే ఎక్సైటాన్. ఎక్సైటాన్ ఫోటాన్‌గా, ఫోటాన్ మళ్ళీ ఎక్సైటాన్‌గా మారడం నష్టాలకంటె వేగంగా సాగితే రెంటినీ విడదీయలేం. ఆ కలయికే పోలరిటాన్. 1958లో హాప్‌ఫీల్డ్ ఎక్సైటాన్ల విషయంలో ఈ సిద్ధాంతం చెప్పాడు. 1992లో వైస్‌బుష్, ఆయన సహచరులు రెండు అద్దాల నడుమ పలుచని అర్ధవాహక పొరలుంచి దీన్ని చూపారు.

దీని నడక పాళ్ళనుబట్టి ఉంటుంది. ఎక్సైటాన్ పాలు ఎక్కువైతే బరువు, మందగమనం. కాంతి పాలు పెరిగితే ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌లో సుమారు పదివేలవ వంతుకు పడిపోతుంది, పరుగు హెచ్చుతుంది.

మరి శక్తి వదలి అడుగు స్థాయికి దిగేదెలా? తరగతిలో నేను చెప్పే ఉపమానం మన మిర్చి కల్లం. ఆరబోసిన కాయ మొదట తేమను త్వరగా వదులుతుంది. చివరి తేమ ఓ పట్టాన పోదు. ఈలోగా వాన వస్తే పంట పోయినట్టే. పోలరిటాన్ కూడా స్ఫటిక కంపనాలకు శక్తినిస్తూ దిగుతుంది. కిందికి వచ్చేకొద్దీ కాంతి పాలు పెరుగుతుంది, కంపనాలతో పొత్తు తగ్గుతుంది, దిగడం నెమ్మదిస్తుంది. ఇదే ఇరుకుదారి. కొన్ని పికోసెకన్లలో దిగకపోతే వెలుగు అద్దాలగుండా జారిపోతుంది.

ఇక్కడితో ఉపమానం సరి. మిర్చి మందంగా పోస్తే బూజు పడుతుంది. పోలరిటాన్లు మాత్రం గుంపు పెరిగితే ఒకదానినొకటి ఢీకొని త్వరగా దిగుతాయి. పైగా ఇవి బోస్ గణాంకాలు పాటించేవి. అడుగున ఎన్ని చేరితే మిగతావి అంత జోరుగా వచ్చి చేరతాయి. 2006లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ శాస్త్రజ్ఞులు, సహచరులతో కలిసి, బాగా చల్లబరచిన కాడ్మియం టెల్యురైడ్ నమూనాలో ఇవన్నీ ఒకే స్థితిలో కూడడం చూపారు. అలా కూడినవి వదిలే వెలుగు లేజరు వెలుగులా ఒకే లయలో ఉంటుంది. తక్కువ విద్యుత్తుతో లేజర్లు చేయవచ్చుననే ఆశ అక్కడిదే.

ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు. కలకత్తాలో రామన్ గారి వద్ద పనిచేసిన సూరి భగవంతం గారు వాల్తేరులో ఆచార్యులై, 1940లో రామన్ ఫలితంపై గ్రంథం వెలువరించారు. ఆ రామన్ పద్ధతితోనే 1965లో హెన్రీ, హాప్‌ఫీల్డ్ గాలియం ఫాస్ఫైడ్‌లో మరో రకం పోలరిటాన్‌ను, స్ఫటిక కంపనంతో కాంతి కలసినదాన్ని, పసిగట్టారు. కనుక మిత్రులారా, స్పెక్ట్రోస్కోపీ పేపరును మార్కులకోసం చదివి అక్కడితో వదలేయకండి.