ఫోన్ ఎవరి చేతిలో మోగుతోంది?

ప్రశ్న: నేను పీహెచ్‌సీలో ఏఎన్ఎంని. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు తేదీ చెప్పి పంపుతున్నాం. పేరు రాయించుకున్నవాళ్లలో సగం మంది కూడా రావడం లేదు. ఇంటింటికీ తిరిగి మా ఆశా కార్యకర్తలు అలసిపోతున్నారు. రికార్డు చేసిన గొంతుతో కంప్యూటర్ ద్వారా ఫోన్లు చేయిస్తామని ఒక స్వచ్ఛంద సంస్థ అంటోంది. ఫలితం ఉంటుందా డాక్టరు గారూ?
– ఒక ఏఎన్ఎం, ఖమ్మం జిల్లా

జవాబు: ఉంటుందమ్మా, ఒప్పుకోండి. ఆసుపత్రి తేదీలను సెల్‌ఫోన్ మెసేజ్‌తో గుర్తుచేయడంపై జరిగిన 8 అధ్యయనాలను 2013లో కొక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. ఏమీ గుర్తుచేయనప్పటికంటే మెసేజ్ పెట్టినప్పుడు ఎక్కువమంది వచ్చారు. ఫోన్ చేసి చెప్పినా ఫలితం దాదాపు అంతే. మెసేజ్ తెరిచి చదివే అలవాటు మన ఊళ్లలో అందరికీ లేదు కాబట్టి గొంతే నయం. గర్భిణులకు, బాలింతలకు కేంద్రం నడిపే కిల్కారి పథకం కూడా వారం వారం రికార్డు కాల్స్‌తోనే నడుస్తోంది.

అయితే ముందు మీ రిజిస్టర్ తీసి, అందులోని నంబర్లు ఎవరివో చూడండి. చాలావరకు భర్తవో, కొడుకువో అయ్యుంటాయి. "ఫోనొచ్చిందంట డాక్టరమ్మా, మా ఆయన కట్ చేశాడు" అని నాతో ఎందరు చెప్పారో! పైగా ఇంటిల్లిపాదీ వినే ఫోన్‌లో క్యాన్సర్, గర్భసంచి అన్న మాటలు వినబడితే ఆమె ఎంతమందికి సమాధానం చెప్పుకోవాలి? "అమ్మా, బుధవారం పొద్దున 10 గంటలకు మన పీహెచ్‌సీకి రండి" అంటే చాలు. ఆ గొంతు మీదే అయితే మరీ మంచిది, ఊళ్లో గుర్తుపడతారు.

140తో మొదలయ్యే నంబర్లు ప్రకటనలవని తెలిసినవాళ్లు ఎత్తరు. అందుకే పేరు రాసుకునేటప్పుడే కాల్ వచ్చే నంబరును వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసి పంపండి. ఓటీపీ, ఆధార్ నంబరు అడగబోమని కూడా అప్పుడే చెప్పండి. మిరప కోతల రోజుల్లో పగలు ఫోన్ చేస్తే ఎవరు తీస్తారు? రెండు రోజుల ముందు ఒకసారి, ముందురోజు రాత్రి 7 దాటాక ఇంకోసారి చేయించండి.

"రాలేకపోతే 2 నొక్కండి" అన్న మాట తప్పక పెట్టించండి. సరిగ్గా ఆ రోజుకే నెలసరి వస్తే పరీక్ష కుదరదు. ఆ సంగతి ఎవరికి చెప్పాలో తెలియక ఇంట్లోనే ఆగిపోయినవాళ్లు కూడా మీ రిజిస్టర్‌లో 'రాలేదు' కింద ఉండిపోతున్నారు. 2 నొక్కినవాళ్లతో అదే రోజు మీరో, ఆశమ్మో మాట్లాడి వేరే తేదీ ఇవ్వాలి.

"ఏం చేస్తారో, కోస్తారేమో" అని వెనకాడేవాళ్ల దగ్గరికి మాత్రం మనిషి వెళ్లాల్సిందే. పలచటి ఎసిటిక్ ఆమ్లం అద్ది చూస్తారని, కొద్ది నిమిషాల్లో అయిపోతుందని, బాగుంటే మళ్లీ అయిదేళ్లకు వస్తే సరిపోతుందని పక్కన కూర్చుని చెప్పాలి. ఫోన్ల వల్ల మిగిలిన ఓపికను మీ ఆశాలు ఈ ఇళ్ల కోసం దాచుకోవాలి.

పరీక్షలో తేడా కనిపించి పెద్దాసుపత్రికి వెళ్లాల్సినవాళ్ల పేర్లు మాత్రం ఆ కంప్యూటర్ జాబితాకు వదిలేయకండి. వాళ్లకు మీరే ఫోన్ చేయండి, వీలైతే తోడు వెళ్లండి.